మస్తాన్ కల్లంలో పడిన ఉల్క

నా పేరు పక్కన ఒక అబద్ధం ఉంది. 'కనుగొన్నవాడు' అన్న మాట. ఇన్నేళ్లూ మోశాను. ఇక మీకు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో జియాలజీ చదివేవాణ్ణి. సెలవుల్లో సత్తెనపల్లి దగ్గరి మా ఊరెళ్తే, చిన్ననాటి స్నేహితుడు మస్తాన్ మిర్చి కల్లానికి కాపలా ఉన్నాడు. కాయల మీది పట్టా ఎగరకుండా అంచున ఒక నల్లరాయి పెట్టాడు. మా నల్లరేగడిలో గులకరాయి కూడా దొరకదు. బరువుకు పనికొచ్చే రాయిని ఎవరూ వదలరు.

"ఇదెక్కడిదిరా?"

"పైనుంచి పడిందిరా. తెల్లారుజామున ఉరిమినట్టయింది. చూస్తే కాయల్లో దిగబడి ఉంది. నీ పెద్ద చదువులో ఉందా ఇది?"

చేతిలోకి తీసుకున్నాను. ఒకటి, కాలిన నల్లటి పెంకు. రెండు, పరిమాణానికి మించిన బరువు. మూడు, నా సంచిలోని అయస్కాంతం దానికి అంటుకుంది. ఉల్కే! నోరు మాత్రం వేరే మాట అంది.

"పిడుగురాళ్ల సున్నపు బట్టీ చిట్టెంరా, కాలి గడ్డకట్టిన మడ్డి. లారీలోంచి పడుంటది."

"లారీ మా కల్లం మీద ఎగిరిందా ఏంది?" నవ్వాడు. "సర్లే, పట్టుకుపో. ఓ ఇటుకన్నా తెచ్చిపెట్టు, గాలొస్తే పట్టా లేచిపోద్ది."

తెచ్చిపెట్టాను. అంత సులువుగా.

కాలేజీలో దాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గుండ్రటి బొట్లు! భూమి ఇంకా లేనప్పుడు, కొత్త సూర్యుడి చుట్టూ తిరిగే ధూళి కరిగి, చినుకులై, గడ్డకట్టిన బొట్లు. నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ల నాటివి. అరిచేశాను. "పత్తి చేలో నాకు దొరికింది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎందుకన్నాను? వాడి పేరు చెబితే నాది చిన్నదవుతుందనా? రాయి పడిన వేళ, చప్పుడు, దిగబడిన తీరు, పరిశోధనకు కావలసినవన్నీ వాడికే తెలుసని తెలిసీ, వాణ్ణి ఎవరూ అడగకుండా చేశాను. రాయిని కాజేయడం కన్నా అది పెద్ద తప్పు కాదా?

మొన్న అదే కాలేజీ నన్ను ప్రసంగానికి పిలిచింది. నిండు సభలో నిజం చెప్పాను. అక్కడ ఆ రాయిని ఉంచిన అద్దాలపెట్టెలో నా పేరున్న చీటీ తీయించి మస్తాన్ పేరు పెట్టించాను. మర్నాడు ఊరెళ్లి మస్తాన్‌కీ చెప్పాను. వాడు కాయలు తిరగేస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

అయినా తిరుగు బస్సులో నాకు సంతోషంతో కేకలేయాలనిపించింది. గ్రహాల కన్నా పాత రాయి మా ఊళ్లో దిగింది. దాన్ని కనుగొన్నవాడు మస్తాన్.