వెనక పలకలో పూజ మేకులు

ఇలా దగ్గరకొచ్చి చాప మీద కూర్చోండి. ఎండ వాలేదాకా మీకూ పనుండదు, నాకూ లేదు. మా పడవ వెనక పలక ఎలా కుళ్ళిందో, ఎవరు కుళ్ళబెట్టారో చెబుతాను. నేను చదివింది మూడో తరగతే. అక్షరం తప్పుతానేమో గానీ జరిగింది మరిచిపోను.

మాది వజ్రపుకొత్తూరు దాటాక ఒడ్డునున్న ఊరు. మా ఆయనది ఫైబర్ పడవ, ఇంకొకరు వాడుకుని అమ్మితే కొన్నది. చూడ్డానికి అంతా ఫైబరే గానీ ఇంజను బిగించే వెనక పలక లోపల చెక్క ఉంటుంది. దానికి అటూ ఇటూ ఫైబర్ తొడుగు. ఇంజను బరువంతా మోసేది ఆ చెక్కే.

కిందటి వేసవిలో వేట ఆపేసే రోజులు దగ్గర పడ్డాయి. మా ఆయన ఒడ్డుకొచ్చి, "ఇంజను ఊగతందే" అన్నాడు. బోల్టులు బిగించాడు. మర్నాటికి మళ్ళీ వదులు. నడి సముద్రంలో ఆ పలక ఊడిందంటే ఇంజనూ పోతుంది, వెనకనుంచి నీళ్ళూ పడవలోకి వచ్చేస్తాయి.

మా తమ్ముడు మూలపేట వైపు ఫైబర్ పని చేస్తాడు. కబురు పెడితే వచ్చాడు. చెక్క సుత్తి తీసుకుని పలకంతా తట్టుకుంటూ పోయాడు. అంచుల్లో టక్కుటక్కుమంది. నడిమికొచ్చేసరికి తడి గోనె మీద కొట్టినట్టు మూగగా పలికింది. అక్కడ సన్నటి బెజ్జం వేశాడు. టీ డికాక్షన్ లాంటి నీళ్ళు కారాయి.

"బావా, పలకయితే మార్సొచ్చు. కుళ్ళు పడవ అడుగునున్న దూలాల్లోకి దిగిపోతే మాత్రం ఈ పడవ మీద ఆశ వొదిలీ."

"ముందు కోసి సూడు. అప్పుడు ఏడుద్దాం," అన్నాడు మా ఆయన.

తమ్ముడు లోపలివైపు తొడుగు కోసి తీశాడు. చెక్క చెక్కలా లేదు, పిండేసిన చింతపండు పిప్పిలా ఉంది. చేత్తోనే తవ్వి గమేలాలో వేస్తున్నాను. వేళ్ళకి తుప్పు మేకొకటి తగిలింది. తర్వాత ఇంకొకటి. మొత్తం తొమ్మిది, ఒకే వరసలో.

తమ్ముడు ఒకటి పైకెత్తి చూశాడు. "ఈటిని ఎవులు కొట్టీసినారు? నీళ్ళు దిగిందే ఈ బెజ్జాల్లోంచి. ఒకసారి లోపలికెళ్ళిన తడి ఫైబర్ లోంచి బయటికి రాదు, ఆరదు."

నా చేతులు ఆగిపోయాయి. ఏటా గంగమ్మ పూజనాడు పడవకి పసుపు రాసి, వేపమండలూ నిమ్మకాయలూ గుచ్చిన దండ కట్టడానికి వెనక పలకకి మేకు కొట్టేది నేనే. మా అత్త తన చెక్క పడవకి అలాగే కొట్టేది. ఆ పడవకేమీ కాలేదు. ఫైబర్ పడవకీ అదే మర్యాద అనుకున్నాను. పాత మేకు తుప్పుపట్టి విరిగితే పక్కనే కొత్తది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు: "నానే కొట్టినాను."

ఇక మా తమ్ముడికి పండగే. రెండు రోజులు తొడుగు కోస్తూ, దుమ్ము దులుపుకుంటూ దెప్పుతూనే ఉన్నాడు. "బావా, ఇంట్లో గోడ నేదేటి నీకు? సముద్రం మీదే మేకులు కొట్టాలేటి?" మా ఆయన కోసిన ముక్కలు ఏరి గమేలాలో వేస్తున్నాడు. ఆ మాటలు ఆయనకు తగులుతున్నాయో లేదో గానీ నాకు తగులుతున్నాయి.

మూడోనాడు ఇద్దరికీ చోడి అంబలి పోస్తూ చెప్పేశాను. "ఒరే, ఆ మేకులు నావి. మీ బావ నా కోసం మాట పడతన్నాడు."

తమ్ముడు లోటా దించకుండానే, "తెలుసప్పా," అన్నాడు. "తొమ్మిదీ తిన్నగా ఉన్నాయి. బావ కొడితే రెండైనా వంకర పోవా?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక అంబలి మీద పోసుకున్నాడు.

ఆ సాయంత్రమే తమ్ముడు అడుగు దూలాలు తట్టి చూశాడు. నేను పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఒక దూలం మొదటి జానెడు మూగగా పలికింది. ఆపైన చివరిదాకా టక్కుటక్కుమంది. "బతికిందప్పా. జానెడు కోసి అతుకేస్తే సాలు," అన్నాడు.

వారం రోజులు ఎండబెట్టాం. మబ్బు పడితే టార్పాలిన్ కప్పడం నా పని. తమ్ముడు జీడిపప్పు అట్టపెట్టె చింపి పలక కొలతకి కత్తిరించాడు. దాని ప్రకారం నీళ్ళకు ఆగే ప్లైవుడ్ కోసి, దూలానికి అతుకేసి, చెక్కంతా అంచులతో సహా రెజిన్ జిగురు తాగించి, మీద ఫైబర్ గుడ్డ పొరలు పరిచాడు. ఆ గుడ్డ నూగు ఒంటికి పట్టి ముగ్గురం కొబ్బరినూనె రాసుకుని గోక్కున్నాం.

వేట మళ్ళీ మొదలై పడవ దింపే రోజు పూజకి అలవాటుగా సుత్తీ మేకూ తెచ్చాను. తమ్ముడు సుత్తి లాక్కుని పలక పైఅంచు చూపించాడు. మిగిలిన ఫైబర్ తో అక్కడ ఒక కొక్కెం పోశాడు, బెజ్జం లేకుండా. దండ దానికే కట్టాను. ఇంజను వేశారు. పలక మీద అరచెయ్యి ఆనించాను. ఇంజను అదురు తెలిసింది గానీ పలక ఊగలేదు. మా ఆయన, "ఇంక సెయ్యి తియ్యే, ఎల్లాలి," అన్నాడు.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి దూలాల్లోకి చెమ్మ దిగకుండా ఉండాలి. మీ ఇంట్లో ఒకరి తప్పుని ఇంకొకరు మోసేవాళ్ళుండాలి, మోయించుకున్నవాళ్ళకి మూడోనాటికైనా నోరు రావాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.