ఇసుకలో పడుకున్న పసుపు చేప

మొన్న ఆదివారం పొద్దున అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తావిడ ఫోను పట్టుకుని వచ్చింది. ఇంట్లో కొత్తగా పెట్టుకున్న సముద్రపు అక్వేరియంలో ఏవో పురుగులు పడ్డాయట, ఏ మందు వేయాలో చెప్పమని అడిగింది. నేను మందుల ఫ్యాక్టరీలో బతుకంతా పనిచేశాను కాబట్టి ఏ జీవికైనా మందు నా దగ్గర ఉంటుందని ఆవిడ నమ్మకం. ఫోటో చూశాను. పగడాల మీద తుప్పు రంగు చుక్కలు అతుక్కుని ఉన్నాయి. మందు వద్దు, ముందు ఒక వారం తొట్టి ముందు కూర్చుని చూడండి అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. కానీ ఆ సలహా నాది కాదు, మా మేనమామది. ఆవిడ వెళ్లాక చాలాసేపు ఆయన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాను. మా అమ్మకు తమ్ముడైన మామయ్య అప్పటికే అక్కడ కాంట్రాక్టరు కింద తోటమాలి. కొండాపూర్ వైపు ఆయనకు రెండెకరాల చెలక ఉండేది. బోరులో నీళ్లు అడుగంటాక దాన్ని వదిలేసి ఈ గేటులోకి వచ్చాడు. నేను చేరిన మొదటిరోజు మొక్కలకు నీళ్లు పడుతున్న పైపు కింద పెట్టి, "నమస్తే మేడమ్" అన్నాడు. నేను ఆగబోతే కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు. ఆ ఆదివారం మా ఇంటికొచ్చి, అమ్మ చేసిన జొన్నరొట్టె తింటూ, మాలి మేనకోడలంటే నిన్ను లెక్కజెయ్యరు బిడ్డా, గేటు లోపల మనం సుట్టాలం గాదు అని తేల్చేశాడు. ఆ మాటకు నా మనసు విలవిల్లాడిందని రాయాలని ఉంది. నిజానికి హాయిగానే అనిపించింది.

మా పెద్దసారు, అంటే ఫ్యాక్టరీ యజమాని, ఏదో విదేశం వెళ్లొచ్చి ముందాఫీసులో గోడంత పొడవున సముద్రపు తొట్టి కట్టించాడు. బతికున్న పగడాలు, మధ్యలో నారింజ రంగు చేపలు, రాళ్ల మీద నత్తలు, పైన నీలం దీపాలు. సముద్రం చూడాలంటే ఒక పూటంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు మాది. అందుకని మొదటి నెల రోజులూ షిఫ్టు మారే వేళ కార్మికులందరూ అద్దం ముందు వరస కట్టేవారు. బిహారు నుంచి వచ్చిన వెల్డరొకడు వేలు ముంచి నాకి, నిజంగానే ఉప్పగా ఉందని అందరికీ ధ్రువీకరించాడు. బయట గాలిలో ఘాటైన రసాయనాల వాసన, తలుపు తీసి లోపలికొస్తే చల్లగా, తడి ఉప్పు వాసన. నీళ్లలో ఉప్పు పాళ్లు చూసే పని నాది. నీళ్లు మార్చి, అద్దం తుడిచే పని మామయ్యది. ఆయన రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక పావుగంట ఊరికే తొట్టి ముందు నిలబడేవాడు. పొలం గట్టు మీద నిలబడి పైరును చూసే మనిషి చూపు అది.

విదేశీ తనిఖీవాళ్లు వస్తున్నారంటే, తొట్టిలో ఒక మూల బోసిగా ఉందని నేను హైదరాబాద్ వెళ్లి రాయి మీద పెరిగిన ఆకుపచ్చ పగడం ఒకటి కొనుక్కొచ్చాను. కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, పురుగూ పుట్రా లేదని చూసుకున్నాకే కలపమని షాపాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను తెచ్చిన సాయంత్రమే కలిపేశాను. మూడు వారాలకు తుప్పు రంగు పురుగులు, నువ్వుగింజంత, బల్లపరుపుగా, పగడాలన్నిటి మీదా పరుచుకున్నాయి. వెలుతురు అందక పగడాలు ముడుచుకుపోసాగాయి.

అడ్మిన్ ఆఫీసరు విచారణ ఒక్క నిమిషంలో ముగిసింది. మొక్కలకు మందు కొట్టిన చేతులు మాలి తొట్టిలో పెట్టి ఉంటాడు, నీళ్లు చెడిపోయాయి, నెలాఖరుకు కాంట్రాక్టరుతో చెప్పి మార్పించేస్తాను అన్నాడు. మామయ్య తల వంచుకుని నిలబడ్డాడు. నేనూ అక్కడే, రెండడుగుల దూరంలో, ఉప్పు కొలిచే గాజు గొట్టం పట్టుకుని నిలబడ్డాను. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నోరు మెదపలేదు.

మందు వేస్తే పురుగులు చస్తాయి కానీ, అన్నీ ఒక్కసారి చస్తే వాటి విషానికి చేపలూ పోవచ్చని షాపాయన ఫోనులో చెప్పాడు. పురుగులు ఏరుకుతినే రాస్ అనే జాతి చేపలున్నాయి, వచ్చి చూసుకోమన్నాడు. నేను ఆ మాట చెప్పగానే మామయ్య, తన చెలకలో మందు కొట్టిన ఏడాది పిట్టలు రావడం మానేశాయని, మరుసటేడు పురుగు రెట్టింపు అయిందని చెప్పాడు. నేనూ వస్తానన్నాడు. సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాతోపాటు బస్సెక్కాడు.

షాపాయన మూడు రాస్ చేపలు చూపించాడు. ఒకటి జానెడు పొడవుంది, నెమలి రంగులు. రెండోది వేలంత, ఒంటి నిండా చారలు. మూడోది పసుపు కొమ్ములా నిలువెల్లా పసుపే. నేను పెద్దదాన్ని చూసి మురిసిపోయాను. మామయ్య స్టూలడిగి తీసుకుని రెండు గంటలు కూర్చున్నాడు. షాపాయన రెండుసార్లు చాయ్ తెప్పించాడు. కూర్చున్నందుకు ఫలితం దక్కింది. పెద్దది ఒక నత్తను నోట కరుచుకుని రాయికేసి కొట్టి పగలగొట్టింది. చారలది చురుగ్గా వెతుకుతోంది కానీ, దగ్గరికొచ్చిన ప్రతి చిన్న చేపనూ మూలకు తరుముతోంది. పసుపుది ఒక్కో రాయి దగ్గర ఆగి, ముందు ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో చూసి, ఏదో పొడుచుకుని ముందుకు పోతోంది.

"పెద్దది పురుగుతోని పాటు మన నత్తలను గూడ తింటది. చారలది పక్కోన్ని బతకనియ్యది," అన్నాడు మామయ్య. "కలుపుకు మనిషిని పిలుస్తే ఆకు ఎత్తి కింద సూసేటోళ్లను పిలవాలె బిడ్డా. ఇగో, ఈ పసుపుదాన్ని తీస్కపోదాం."

షాపాయన నవ్వి, "గ్యారంటీ ఏం లేదు భాయ్. కొన్ని తింటయి, కొన్ని తినవు. మనుషుల లెక్కనే," అన్నాడు. తొట్టిలో నాలుగు వేళ్ల మందం మెత్తటి ఇసుక ఉండాలనీ, ఇది అందులో దూరి నిద్రపోతుందనీ, ఎగిరి దూకుతుంది కాబట్టి పైన జాలీ కప్పాలనీ జాగ్రత్తలు చెప్పాడు. జాలీ మామయ్యే అల్లాడు.

తొట్టిలో వదిలిన క్షణంలో చేప ఇసుకలోకి దూరింది. ఆ రోజు కనిపించలేదు, మర్నాడూ లేదు. మూడో రోజు మధ్యాహ్నం అడ్మిన్ ఆఫీసరు వచ్చి, చచ్చినదాన్ని నీళ్లలో ఉంచితే మిగతావీ పోతాయి, ఇసుక తవ్వి తీసెయ్ అన్నాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దని కూడా అన్నాడు. మామయ్య జాలీ మీద చేయి పెట్టాడు.

"పండనియ్యుండ్రి సార్. కొత్త జాగకు వచ్చింది, బుగులుతోని పన్నది. అదే లేస్తది."

ఆఫీసరు గొంతు పెంచాడు. ఆ చప్పుడుకు పెద్దసారు తన గదిలోంచి బయటికొచ్చాడు. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, ఆ పురుగులు నేను తెచ్చిన రాయితో వచ్చాయని, షాపాయన చెప్పినా వినకుండా కలిపేశానని చెప్పేశాను. అంతటితో ఆగలేదు. ఈయన మా అమ్మ సొంత తమ్ముడు సార్, మా మేనమామ, అన్నాను.

పెద్దసారు మామయ్య వైపు తిరిగి, రాయి సంగతి నీకు తెలుసా అని అడిగాడు.

"తెలుసు సార్. పురుగు ఆ రాయి మీదికెంచే మొదలైంది, రోజూ సూస్తనే ఉన్న. కాని ఆ మాట ఆమె చెప్పాలె. నేను చెప్తే చాడీ అయితది."

పెద్దసారు కాసేపు తొట్టిని చూసి, ఇసుక తవ్వొద్దు, ఈయన్ని పంపొద్దు అని లోపలికెళ్లిపోయాడు. నాకు ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. న్యాయమే. మామయ్య మాత్రం ఆ రోజు అందరి ముందూ, "కండ్లు తుడుసుకో బిడ్డా, పని జూస్కో," అన్నాడు.

మర్నాడు పది గంటలకు ఇసుకలోంచి పసుపు ముక్కు ఒకటి బయటికొచ్చింది. ముందు ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో మమ్మల్ని చూసింది. సాయంత్రానికి మొదటి పురుగును పొడిచింది. పురుగులు పూర్తిగా పోలేదు, కానీ నెల తిరిగేసరికి వెతికితే తప్ప కనపడనంత తగ్గాయి. పగడాలు మళ్లీ విచ్చుకున్నాయి. తనిఖీవాళ్లు వచ్చి తొట్టి వైపు ఒక్క చూపు చూసి నేరుగా ల్యాబుకు వెళ్లిపోయారు. మామయ్యకు తొట్టి పని పూర్తిగా అప్పగించారు. మరుసటి ఏడాది కాంట్రాక్టు తీసేసి కంపెనీ మనిషిగా రాసుకున్నారు. ఎప్పుడైనా ఆ సంగతి నేనెత్తితే, చేప మంచిది బిడ్డా అని మాట దాటేసేవాడు. చివరిదాకా అప్పటి నా మౌనం గురించి ఒక్క మాటా అనలేదు, అమ్మతో కూడా.

ఆయన పోయి ఇప్పటికి ఎనిమిదేళ్లు. ల్యాబులో నాకు పని నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ అప్పుడే థాంక్స్ చెప్పేశాను. ఒక మనిషి మనం నోరు విప్పేదాకా ఎంత ఓపికగా ఎదురుచూశాడో తెలియడానికి మాత్రం, మనకు ఆ మనిషి వయసు రావాల్సి ఉంటుంది.