ప్రేమవిందులో నేను పెట్టిన ఫ్యూడ్

కత్తి పట్టకుండా, ఒక్క మాట గట్టిగా అనకుండా, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఒక ఊరిని యుద్ధభూమి చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. వాడిన ఆయుధాలు ఐదు ఇంగ్లీషు మాటలు. వాటి దెబ్బకు మా పాస్టరయ్యగారు ఊరు వదిలి పోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నానంటే, ఆయన పోలేదు కాబట్టే.

మాది బద్వేలు దగ్గర పల్లె. కడపలో ఇంగ్లీషు ఎమ్మే చదివి అప్పుడే ఇంటికొచ్చాను. ఎమ్మే అంటే మామూలా! మందుసీసా మీద రాత చదవాలన్నా నేనే, బ్యాంకు నుంచి మెసేజీ వచ్చినా నేనే. నడిచేటప్పుడు నా తల కాస్త పైకే ఉండేది. అది చూసి కాబోలు, చర్చి కమిటీకి కార్యదర్శిని చేశారు. మీటింగులో జరిగిందంతా ఇంగ్లీషులో రాసి పట్నంలోని మా చర్చిల పెద్దాఫీసుకు మెయిల్ పంపడం నా పని.

ఆ ఏడు కమిటీ ముందున్న సమస్య ఒక్కటే. కోతపండగనాడు చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో సంగటి పెట్టాలా, అన్నం పెట్టాలా? సంగటి పక్షం యేసురత్నం చిన్నాయన. అన్నం పక్షం దేవమ్మత్త. ఇద్దరూ సొంత అక్కాతమ్ముళ్లు. ఒకే గోడకు అటొకరు, ఇటొకరు కాపురం.

"పండగపూట కూడా సంగటేనా? చుట్టాలొస్తాండారు. నవ్విపోతారు" అంది అత్త.

"నవ్వితే నవ్వనీ. మన చేతులతో పండించింది రాగులు. దేవుని ముందర పెట్టేది అదే" అన్నాడు చిన్నాయన.

"ఎవురినీ ఒక్క మాట మాట్లాడనియ్యవు కదరా!"

"నీకు శానా పెద్ద నోరులే అక్కా!"

మూడు ఆదివారాలు ఇదే పాట. చివరికి అయ్యగారు మెల్లగా, "రెండూ వండుదాం" అన్నారు. అయిపోయింది. అందరూ టీ తాగి ఇళ్లకు పోయారు. జరిగింది ఇంతే, దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇక నేను రాయాలి. మొదటి ఆదివారం దగ్గర "ఆర్గ్యుమెంట్" అని రాశాను. అక్కడే ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ కాలేజీలో మా లెక్చరర్ ఒక మాట నూరిపోశాడు, ఒకే పేజీలో ఒకే మాట రెండుసార్లు వాడితే అది భాషా దారిద్ర్యమని. ఎమ్మే చదివిన దాన్ని, నాకు దారిద్ర్యమా? ఫోన్‌లో పర్యాయపదాల యాప్ తెరిచాను. ఆర్గ్యుమెంట్ కింద మాటలన్నీ అన్నదమ్ముల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒకే మనిషి రోజుకో చొక్కా మార్చినట్టు అన్నీ ఒకటేలే అనుకున్నాను.

రెండో ఆదివారానికి "క్వారెల్" వేశాను. మూడో ఆదివారానికి "బ్రాల్". చిన్న మాట, చూడ్డానికి ముద్దుగా ఉంది. అయ్యగారు కలగజేసుకోవడాన్ని "పాస్టర్ గారు కూడా ఈ స్కఫుల్‌లో పాల్గొన్నారు" అని అలంకరించాను. ముగింపు కాస్త గంభీరంగా ఉండాలని, రెండు కుటుంబాల "ఫ్యూడ్" ప్రస్తుతానికి సద్దుమణిగిందని రాసి, పంపించి, హాయిగా నిద్రపోయాను.

నాలుగో రోజు నేను అయ్యగారి ఇంట్లో ఉండగా పెద్దాఫీసు నుంచి సూపరింటెండెంటు గారి ఫోన్ వచ్చింది. అయ్యగారికి చెవి కొంచెం మందం కాబట్టి స్పీకర్ పెట్టారు.

"ఎంతమందికి దెబ్బలు తగిలాయండీ?"

"దెబ్బలా? ఎవరికీ లేవయ్యా."

"దాచొద్దు. మీరు ఎవర్ని కొట్టారు?"

అయ్యగారు తన చేతుల వంక చూసుకున్నారు. చర్చిలో దూరిన పిల్లులను కూడా "పో తల్లీ" అని పంపించే మనిషి ఆయన.

"శనివారం నేనే వస్తున్నాను. కోతపండగ ఆపండి. మీరు మాత్రం వేరే ఊరికి వెళ్లడానికి సిద్ధంగా ఉండండి. ఇలాంటి చోట మిమ్మల్ని ఉంచలేం."

మాకు రెండేళ్లు పాస్టరే లేడు. ఈయన వచ్చాకే ఆదివారం గంట మోగింది. ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా బండి మీద బద్వేలు ఆసుపత్రికి తీసుకుపోయేది ఈయనే. అలాంటి ఆయన ఇంట్లో అమ్మగారు కళ్లు తుడుచుకుంటూ గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే నాకు గుండె పిండినట్టయింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

మీరు నవ్వకండి. ఊరంతా తిరిగి నేనే అరిచాను: "మన అయ్యగారి మీద పెద్దాఫీసుకు అబద్ధాలు మోసిందెవరు? ఆ మహానుభావుడు దొరకనీ, నేనే చెబుతా వాడి సంగతి!"

"నువ్వే కనిపెట్టాల సుజాతా. చదువుకున్నదానివి" అన్నాడు యేసురత్నం చిన్నాయన.

శనివారం కారు దిగిన సూపరింటెండెంటు గారు ముందు చర్చి గోడలు చూశారు, నెత్తుటి మరకలు వెతికినట్టు. తర్వాత చిన్నాయనను, అత్తను రెండు మూలల్లో, మధ్యలో ఆరు బల్లలు అడ్డం పెట్టి కూర్చోబెట్టారు.

"మీ రెండు కుటుంబాలకు ఎన్ని తరాల నుంచి పగ?"

"పగేంది సామీ? ఆయమ్మ మా అక్క."

"నిన్న కూడా మా ఇంట్లోనే తిన్యాడు" అంది అత్త. "అన్నం పెడ్తే మూతి ముడిచినాడు. మళ్లీ సంగటి కెలికి పెడ్తిని."

"ముద్ద గట్టిపడ్లేదు సామీ. కావాలనే పల్చగ చేసింది."

"తిన్న నోటితోనే వంక పెడ్తాండావా!"

సూపరింటెండెంటు గారు అయోమయంగా సంచిలోంచి ఒక కాగితం తీశారు. "మరి ఇదేమిటి?" అని చదవడం మొదలుపెట్టారు. మొదటి వాక్యం వినగానే, ఎవరో కానీ ఇంగ్లీషు బాగా రాశారే అనుకున్నాను. రెండో వాక్యానికి చెవులు వేడెక్కాయి. మూడోదానికి మెల్లగా తలుపు వైపు జరిగాను. ఆ మహానుభావుడు దొరికాడు.

"సార్, అది నేనే రాసినాను సార్."

"బ్రాల్ అంటే ఏమిటో తెలుసా అమ్మా?"

"ఇప్పుడు వీళ్లిద్దరూ చేసింది సార్."

"అది వీధిలో పదిమంది కలబడి కొట్టుకోవడం! మరి స్కఫుల్?"

"రెండూ వండుదామన్నారు సార్, అయ్యగారు."

"అది చొక్కాలు పట్టుకుని తోసుకోవడం! ఇక ఫ్యూడ్ అంటే తరతరాల పగ. కడప జిల్లా నుంచి ఆ మాట వస్తే నాకు నిద్ర పడుతుందా? కారు డ్రైవరు రానంటే రానన్నాడు!"

నేను తల ఎత్తలేదు. ముందు నవ్వింది అయ్యగారే. ఆ తర్వాత సూపరింటెండెంటు గారు కుర్చీ పట్టుకుని మరీ నవ్వారు. అయ్యగారు ఇక్కడే ఉంటారని, పండగ జరుపుకోమని ఆయన నోటితో చెప్పాక నాకు ఊపిరి ఆడింది. పరుగెత్తుకుపోయి అమ్మగారి అట్టపెట్టెల్లోంచి గిన్నెలన్నీ నేనే బయటికి తీశాను. అంత సంతోషంగా వంటసామాను ఎప్పుడూ మోయలేదు.

కథ ఇక్కడ అయిపోవాలి. కాలేదు. భోజనం చేసి వెళ్లమని అందరూ పట్టుబట్టారు.

"ఏం వడ్డించమంటారు సామీ, సంగటా? అన్నమా?" అని అడిగింది అత్త.

"రెండూ వద్దమ్మా. నాకు రెండు చపాతీలు చాలు" అన్నారాయన పాపం.

చిన్నాయన, అత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు ఆదివారాల్లో మొదటిసారి ఇద్దరూ ఒక పక్షానికి వచ్చారు.

"మా ఊరికొచ్చి చపాతీనా?" అని చిన్నాయన లేచాడు.

"సంగటి నచ్చలేదంటే మా తమ్ముణ్ణి అవమానించినట్టే!" అని అత్త గరిటెతో సహా వచ్చింది.

"అన్నం వద్దంటే మా అక్కను కాదన్నట్టే!"

ఆయన గోడ దాకా వెనక్కి నడిచారు. వీళ్లు వదల్లేదు. అటు నుంచి ముద్ద, ఇటు నుంచి అన్నం పళ్లెంలో పడుతూనే ఉన్నాయి. మధ్యలో గిన్నె జారి పప్పు ఆయన తెల్లచొక్కా మీద ఒలికింది. మా అయ్యగారు విడదీయబోయి నిజంగానే ఆయన చొక్కా పట్టుకున్నారు.

ఇదీ రిపోర్టులో రాయాలి కదా! నేను పెన్ను తీసి, "స్కఫుల్" అనబోయి నోరు తెరిచానో లేదో, సూపరింటెండెంటు గారు నోట్లో ముద్దతోనే చెయ్యి ఊపారు. "డిస్కషన్! డిస్కషన్ అని రాయమ్మా!"

అలాగే రాశాను. బైబిలు మీద ఒట్టు పెట్టకూడదని అయ్యగారు అన్నారు కాబట్టి, ఆ పర్యాయపదాల యాప్ తీసేసి, ఫోన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట నా కళ్లముందు పళ్లేలు ఎగిరినా, గరిటెలు విరిగినా, కమిటీకి కమిటీ మొత్తం ఆసుపత్రిలో పడినా, నా రిపోర్టులో మాత్రం డిస్కషనే జరుగుతుంది.