నల్ల చెక్క మీద ఒక పుట్టినరోజు

ఈ వేళ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని ఫోను తెరిచానో లేదో మా తమ్ముడు పంపిన సందేశం కనిపించింది. మాచర్లలో మా నాన్న పెట్టిన కిరాణా కొట్టును ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. ఖాతాదారులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, కందిపప్పు ధరతో పాటు రోజూ ఉదయమే ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒకటి పెడుతుంటాడు. చుట్టూ గులాబీ పూలు, అడుగున దణ్ణం పెట్టే చేతులు. నరసరావుపేటలో ఉన్న నన్ను కూడా అక్కనన్న గౌరవంతో అందులో చేర్చాడు. ఈ వేళ అందులో మొదట దేశం కోసం జైళ్ళలో మగ్గిన ఒక పెద్దాయన జయంతి, దాని కింద ఎక్కడో సముద్రంలో ఓడ మునిగిన సంగతి, దాని కింద మా వైపు పల్లెలో ప్రెసిడెంటుగా మొదలై చాలా పైకి వెళ్ళి కాలం చేసిన ఒకాయన జయంతి ఉన్నాయి. పెద్దాయన ఫొటో కంటే ఈయన ఫొటో పెద్దది, పైగా ముందు ‘మహానేత’ అని బిరుదు. చదివాక కాఫీ తాగబుద్ధి కాలేదు. పేర్లు మాత్రం రాయను. రాస్తే మా తమ్ముడు మళ్ళీ ఫోను చేస్తాడు, ఆ ముచ్చట చివర్న చెబుతాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కొట్లకు ఈ ఇనుప షట్టర్లు లేవు. నిలువు చెక్కలుండేవి, ఒక్కో దాని మీద తారుతో ఒక అంకె. పొద్దున్నే వరసగా తీసి గోడకు ఆనించి, రాత్రి మళ్ళీ అదే వరసలో గాడిలో దించాలి. వరస తప్పిందా, ఆఖరి చెక్క పట్టదు, మా నాన్న నోరు ఆగదు. ఆ చెక్కల్లో వెడల్పాటి దానికి మా బాబాయి, అంటే నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు, నల్లరంగు పూసి, పగలంతా బజారుకు కనిపించేలా కొట్టు గుంజకు కొక్కెంతో తగిలించేవాడు. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో ‘నేడు పుట్టినవారు’, ‘నేడు పోయినవారు’, ‘నేడు జరిగినవి’ అని రాసి, ఒక్కో దాని కింద ఆ రోజు సంగతులు నింపేవాడు. మాచర్ల బజారులో బెల్లం కొనడానికి వచ్చినవాడికి, ఆకాశంలోకి మనిషి మొట్టమొదట ఎగిరింది ఈ రోజేనని తెలియవలసిన అవసరం ఏమిటని మా నాన్న అనేవాడు కానీ, నలుగురు ఆగి చదివితే అందులో ఇద్దరు లోపలికొచ్చి ఏదో ఒకటి కొనేవారు గనుక ఆ మాట గట్టిగా అనేవాడు కాదు.

ఇన్ని సంగతులు బాబాయికి ఎక్కడివంటారా? పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత పేపర్లలోంచి. ఆవాలు, జీలకర్ర వెళ్ళిపోవలసిన కాగితాన్ని ముందు బాబాయి చదవాలి, పనికొచ్చే ముక్క ఉంటే కత్తిరించి బిస్కట్ల డబ్బాలో వెయ్యాలి, ఆ తరువాతే అది పొట్లమవ్వాలి. బేరం వచ్చి నిలబడ్డా సరే, ఆయన చదవడం ముగిసేదాకా జీలకర్ర తక్కెట్లోనే ఉండేది. ఒకసారి చిరిగిన పేపరును నమ్మి, నిక్షేపంగా బతికున్న ఒక పాటగాడిని ‘నేడు పోయినవారు’లో రాశాడు. ఆ సాయంత్రమే రేడియోలో ఆ పాటగాడి కచేరీ వచ్చింది. ఇక చూడండి, గురజాల బస్సు కోసం నిలబడ్డవాళ్ళ దగ్గర్నుంచి మిరపకాయల బస్తాలు మోసేవాళ్ళ దాకా అందరూ, “ఏంది శెట్టిగారూ, ఇయ్యాల ఎవుర్ని చంపావు?” అని అడగడమే. బాబాయి అసలే మాట పడని మనిషి. అప్పటి నుంచి ఒక పేపరు చెప్పింది చాలదు, ఇంకో దాంట్లో కూడా కనపడితేనే చెక్క మీదికి ఎక్కాలని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమమే ఆయన కొంప ముంచింది.

ఇంతకూ ఆ ప్రెసిడెంటు గారి ఊరు మాకు కొత్త కాదు. మాచర్లకు రాకముందు మా తాత కొట్టు ఆ పల్లెలోనే ఉండేది, బాబాయీ ప్రెసిడెంటు గారూ ఒకే బడిలో ఓనమాలు దిద్దారు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళలో పుట్టినతేదీ ఎవరికి తెలుసు? మా నాయనమ్మను అడిగితే బాబాయి మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నప్పుడు పుట్టాడని చెప్పేది, అంతకు మించి తెలియదు. అందుకని ఆ బడి అయ్యవారు చేరిన పిల్లలందరికీ బడి తెరిచిన తేదీనే పుట్టినరోజుగా వేసేశాడు. మీలో ఎంతమంది పుట్టినరోజులు అలా అయ్యవార్ల చలవతో ఏర్పడ్డాయో మీకే తెలియాలి. ఆ లెక్కన బాబాయికీ ప్రెసిడెంటు గారికీ కాగితాల మీద పుట్టినరోజు ఒక్కటే. దాన్ని తలుచుకుని బాబాయి నవ్వుకునేవాడే తప్ప తన పేరు ఏనాడూ చెక్క మీద రాసుకోలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు ప్రెసిడెంటు గారికి పుట్టినరోజు జరపాలని ఆయన మనుషులకు బుద్ధి పుట్టింది. బడి తెరిచిన తేదీ వాళ్ళకు నచ్చలేదు. వాళ్ళలో ఒకడు మా కొట్టుకు సరుకులకు వస్తూ పోతూ మా నల్లచెక్కనే చూసి, జైళ్ళలో మగ్గిన ఆ పెద్దాయన పుట్టినరోజును ఎంచాడు. పెద్దాయనా మా ప్రెసిడెంటూ ఒకే రోజు పుట్టారంటే ఎంత బాగుంటుంది! ముందు రోజు సాయంత్రం కొట్టుకొచ్చి, రేపు పెద్దాయన పేరు కిందనే మా ప్రెసిడెంటు గారి పేరు కూడా రాయాలని, అడిగినట్టు కాకుండా చెప్పినట్టు చెప్పిపోయాడు. ఈ తేదీ ఏ పేపర్లోనూ లేదని, బడిలో వేసిన తేదీ వచ్చినప్పుడు రాస్తానని బాబాయి అంటే, “ఆ రోజున ఊరు ఊరంతా పుట్టింది, మా ప్రెసిడెంటు గారిని ఆ మందలో కలుపుతావా?” అని కళ్ళెర్రజేశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలాడు. ఆ ఊరి బేరమంతా మనదేననీ, సుద్దముక్క గీత తెల్లారితే చెరిగిపోయేదేననీ, దానికింత పట్టుదలేమిటనీ అడిగాడు. బాబాయి మజ్జిగ పోసుకుంటూ, “చెరిగిపోయేదేగా అన్నయ్యా, మరి వాళ్ళకెందుకంత పట్టు?” అని మాత్రం అన్నాడు. నాన్న తమ్ముణ్ణి ఒప్పించాననుకుని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మరునాడు పొద్దున బాబాయి ఎప్పటిలాగే చెక్క నింపాడు. పెద్దాయన పేరుంది, మునిగిన ఓడ ఉంది, ప్రెసిడెంటు గారు లేరు. నాన్న ఇంట్లో పూజలో ఉన్నాడు. నేను బడికి పోతూ పోతూ బాబాయికి కాఫీ ఇచ్చి గ్లాసు కోసం నిలబడ్డాను. తప్పెట్లు మోగించుకుంటూ ఊరేగింపు వచ్చింది. ముందు ట్రాక్టరు, దాని మీద పూలు చుట్టిన కుర్చీ, కుర్చీలో ప్రెసిడెంటు గారు. మా కొట్టు ముందు ఆగారు. ఎవడో చెక్క మీద ఉన్నదంతా పైకి చదివాడు, అయిపోయాక ఇంకోసారి చదివాడు. మావోడి పేరేదిరా అన్నారు.

అక్కడ బాబాయి ఊరుకుని ఉంటే మాటలతో పోయేదేమో. ఊరుకోలేదు. తాను చెప్పేది సబబైన మాట గనుక చెబితే అర్థం చేసుకుంటారని అనుకున్నాడు పాపం. “ఆయనా నేనూ పుట్టింది ఒక్కరోజేనయ్యా. బడి తెరిచిన రోజున మా అయ్యవారు అందర్నీ ఒక్కసారే పుట్టించాడు. కావాలంటే ఆయన్నే అడగండి” అన్నాడు ట్రాక్టరు వైపు చెయ్యి చూపిస్తూ. బజారంతా గొల్లుమంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు, మూటలు మోసేవాళ్ళు నవ్వారు, ఊరేగింపులో వచ్చినవాళ్ళలో కూడా కొందరు ఆపుకోలేక నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే ఇద్దరు చెక్కను కొక్కెం నుంచి ఊడబెరికారు, బాబాయి దాన్ని వదలక పట్టుకున్నాడు, ఆ చెక్కతోనే ఆయన కుడి మణికట్టు మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు తప్పెట్ల మోతలో ఎవరికీ వినపడలేదు, పక్కనే ఉన్న నాకు వినపడింది. ప్రెసిడెంటు గారు కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న బట్టల కొట్టు వైపు చూస్తున్నారు.

నాన్న తడిపంచెతోనే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి తమ్ముడి దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ జోడించి, “వాడు తిక్కలోడు బాబూ, మనసులో పెట్టుకోమాకండి, నేను రాస్తా” అన్నాడు. తరువాత అమ్మ ఇంట్లో, చంకలో మా చంటి తమ్ముడిని వేసుకుని, “ముందు తమ్ముడి చెయ్యి చూడాల్సింది పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకున్నారే!” అని నాన్నను ఒకే ఒక్క మాట అన్నది. అమ్మ నాన్నను ఎదిరించి అనడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. నాన్నను నేను చాలా విషయాల్లో క్షమించాను. ఇది మాత్రం క్షమించలేదు, ఇప్పటికీ లేదు.

కేసు లేదు, కోర్టు లేదు. రైసుమిల్లులో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. బాబాయి స్టూలు మీద నిలబడి రాస్తూ జారిపడ్డాడని మేము అనుకోవాలి, ఎవరడిగినా అలాగే చెప్పాలి. ఏటా ఆ రోజున ప్రెసిడెంటు గారి పేరు చెక్క మీద ఉండాలి. వాళ్ళు మా కొట్టులోనే సరుకులు కొనాలి. పైపెచ్చు ప్రెసిడెంటు గారు పెద్దమనసు చేసుకుని ఒక కొత్త బోర్డు పంపించారు. దాని అడుగున ఆయన పేరు, సుద్దతో కాదు, ఎంత తుడిచినా పోకుండా తెల్ల పెయింటుతో రాయించి పంపారు. ఇక ఆ బోర్డు మీద అన్ని రోజులూ నాన్నే, మా కొట్టు పద్దులు రాసే గొలుసుకట్టు రాతతో, తోచిందేదో రాసేవాడు. ప్రెసిడెంటు గారి పేరెక్కాక తక్కినవాళ్ళు ఊరుకుంటారా, మిల్లు ఓనరు కొడుకు, కాంట్రాక్టరు బావమరిది, అందరూ ఎవరో ఒక మహానుభావుడితో పాటు పుట్టడం మొదలుపెట్టారు.

బాబాయి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఎడమచేత్తో తూచడం నేర్చుకున్నాడు, సుద్దముక్క మాత్రం మళ్ళీ పట్టలేదు. డబ్బాలోని ముక్కలన్నీ తనే తీసి, ఒక్కటి కూడా చదవకుండా, జీలకర్ర పొట్లాలకు వాడేశాడు. అయినా పొద్దున నేను జడ వేసుకుంటుంటే వసారాలో కూర్చుని, ఈ రోజు ఫలానా ఆయన పుట్టాడమ్మాయ్, ఈ రోజు ఫలానా చోట భూమి కంపించిందమ్మాయ్ అని నా ఒక్కదానికే చెప్పేవాడు. నేను తెలుగు టీచరునై గురజాల వెళ్ళిపోయేదాకా అది తప్పలేదు. ఏటా ఆ రోజు వచ్చినప్పుడు మాత్రం నేను అడిగితే, వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, “ఇవాళ ఏమీ జరగలేదమ్మాయ్” అనేవాడు. పాపం ఆ పెద్దాయన ఏం చేశాడు, ఆయన సంగతి కూడా చెప్పేవాడు కాదు. బాబాయి పోయిన రోజు ఏ బోర్డు మీదా ఎక్కలేదు.

ఈ వేళ నాకు ఉండబట్టలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుని, “ఇదే రోజు ఈ కొట్టు ముందే మా బాబాయి కుడిచెయ్యి విరగ్గొట్టారు, అబద్ధం రాయనన్నందుకు” అని అదే గ్రూపులో పెట్టాను. నిమిషం తిరక్కముందే మా తమ్ముడు ఫోను.

“ఏందక్కా అది? గ్రూపులో వాళ్ళ మనుషులు చానామంది ఉన్నారు, తీసెయ్. బాబాయి స్టూలు మీంచి పడ్డాడుగా, నాన్న చెప్పలా? ఆ రోజు ఏమీ జరగలా.”

తియ్యనన్నాను. ఫోను పెట్టి చూసేసరికి వాడే తీసేశాడు. గ్రూపు వాడిది, వాడికా అధికారం ఉందట. ఒకప్పుడు ఒక అబద్ధాన్ని బోర్డు మీదికి ఎక్కించాలంటే ట్రాక్టరు కావాలి, తప్పెట్లు కావాలి, రైసుమిల్లులో పంచాయితీ కావాలి, ఒకడి చెయ్యి విరగాలి. అదంతా చూసినవాళ్ళు నలుగురైనా మిగిలేవారు. ఇప్పుడు పొద్దున్నే కందిపప్పు ధరతో పాటు దానంతటదే వచ్చేస్తోంది, కింద జనం దణ్ణాలు పెడుతున్నారు. మా నల్లచెక్కను తడిగుడ్డతో ఎంత తుడిచినా, ఆరాక నిన్నటి అక్షరాలు లీలగా కనపడుతూనే ఉండేవి. నేను రాసినది ఉన్న చోట, దాన్ని తొలగించారన్న ముక్క తప్ప ఒక్క అక్షరం లేదు.

మా తమ్ముడిని ఏమనను? అప్పటికి వాడు అమ్మ చంకలో ఉన్నాడు. బాబాయి ఏటా చెప్పిన మాటే వాడూ చెప్పాడు, ఏమీ జరగలేదని. కాకపోతే బాబాయికి అది అబద్ధమని తెలుసు. వీడు నిజమని నమ్ముతున్నాడు.

నేను కూడా పోయాక, ఆ రోజు నిజంగానే ఏమీ జరగనట్టే.