సరిపోయిన అంకెలు

నేల పరీక్షలు చేసే ఆ ప్రయోగశాలలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కయ్యే. ఇరవై రెండేళ్లుగా పని ఒకటే. మట్టిని నానబెట్టి వడగట్టిన నీళ్లలో గాజు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదలడం, ఎరుపు నీలంగా మారగానే ఆపి, ఎంత మందు పట్టిందో రాయడం. మందు ఎంత ఎక్కువ పడితే మట్టిలో సున్నం అంత ఎక్కువన్నమాట.

లోతుకు వెళ్లేకొద్దీ నేలలో సున్నం పెరుగుతుందని పెద్దసారు సిద్ధాంతం. ఆయనకు పేరు తెచ్చిపెట్టింది అదే. అందుకని అక్కడొక ఆనవాయితీ ఉండేది: అంకె సిద్ధాంతానికి సరిపోకపోతే పరీక్ష మళ్లీ చెయ్యాలి, సరిపోతే రాసేసుకుని ముందుకు పోవాలి. తప్పు చెయ్యడం మట్టి వంతు, దిద్దడం అక్కయ్య వంతు. ఇందులో ఎవరికీ వింత కనబడలేదు.

ఒకరోజు సీసాల మీది చీటీలు తడిసి ఊడిపోయాయి. ఏది ఎంత లోతుదో తెలియకుండానే ఆవిడ పరీక్షలు కానిచ్చేసింది. తరవాత సీసాల అడుగున గీసిన నంబర్లతో పోల్చుకుంటే సగం అంకెలు అడ్డం తిరిగాయి. పైమట్టిలోనే సున్నం ఎక్కువ తేలింది.

అప్పటినుంచి ఆవిడకు కాలు ఒకచోట నిలవలేదు. అన్నం ముందు కూర్చున్నా వేళ్లు గొట్టం మర తిప్పుతున్నట్టే ఆడేవి. "ఆ చేతిని కాసేపు ఊరుకోనివ్వు," అని భర్త విసుక్కున్నాడు. ఎక్కడ ఆపాలో ముందే తెలిసిన కన్ను అక్కడే నీలం చూసిందేమోనని ఆవిడ భయం. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరేనా?

పదో రోజున ధైర్యం కూడగట్టుకుని చెప్పేసింది. పెద్దసారు నవ్వారు.

"చెయ్యి తిరిగినదానివి, నువ్వే ఇలా అంటే ఎలాగమ్మా. ఇటివ్వు, నేను చూస్తాను."

పదిహేనేళ్లుగా ముట్టని గొట్టం పట్టుకున్నారు. పైమట్టి సీసాకు కొత్తగా అంటించిన చీటీ చదివారు, అందులోంచి కొన్ని నీళ్లు గ్లాసులో పోసి చుక్కలు వదిలారు. "తొమ్మిది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది చూడు." మొహం చేటంతయింది.

అక్కయ్య సీసాలు లోపలికి తీసుకెళ్లింది. చీటీల మీద కాగితాలు అంటించి, ఒకటి తెచ్చి ముందు పెట్టింది. "ఇదొక్కటి కూడా చెయ్యండి సార్."

ఈసారి ఎక్కడ ఆపాలో తెలియక ఆయన తడబడ్డారు. ఆపారు, వెలుతురుకేసి పట్టి చూశారు, ఇంకో చుక్క వేశారు. "పన్నెండు," అన్నారు.

ఆవిడ కాగితం ఒలిచింది. ఇందాకటి సీసానే.

పెద్దసారు సీసా తిప్పి అడుగున నంబరు చూశారు. "ఇలాంటివి ఎన్ని ఉంటాయి?"

"తెలియదు సార్. అన్నీ రాసింది నేనే, నాకే తెలియదు."

"రాయించింది నేను," అంటూ ఆయన అంకెలు రాసే పుస్తకాన్ని తన ముందుకు లాక్కుని, సొంత చేత్తో పన్నెండు అని వేశారు.