ఇండియా టాబ్లెట్

అమెరికాలోని నోవైలో కార్ల కంపెనీ ఇంజినీర్ చక్రధర్ కొన్నేళ్లుగా ఎక్కడ కూర్చుంటే అక్కడే తూగుతున్నాడు. ఓసారి సిగ్నల్ దగ్గర కునుకు పట్టాక, భయపడి డ్రైవింగే మానేశాడు. టెస్టులన్నీ నార్మలే. ఈసారి కూతురు అవని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. రోజూ వేసుకునే మందులున్నాయా అని డాక్టరమ్మ అడిగితే, ఎప్పట్లాగే లేవన్నాడు.

"నాన్నా, నీ తుమ్ముల టాబ్లెట్?" అంది అవని.

"అది ఇండియా నుంచి తెచ్చుకునేది కదే! ఇక్కడ లెక్కలోకి రాదు."

"కడుపులోకి వెళ్లేముందు దాని వీసా చూస్తారా నాన్నా?"

అవని ఆ టాబ్లెట్ పేరు చెప్పగానే డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. అది మత్తు తెచ్చే పాతరకం మందట. ఇన్నేళ్ల తూగుకి అదే కారణం కావచ్చు, మార్చి చూద్దామంది. ఆ 'కావచ్చు'కే చక్రధర్‌కి ప్రాణం లేచొచ్చింది! కారులో కూతురి పక్కన కూర్చున్నాడో లేదో, ఫ్రెండ్ రాజగోపాల్‌కి ఫోన్ కొట్టాడు: "ఒరేయ్, నువ్వు సూట్‌కేసులో తెచ్చుకున్న మందుల సంగతి మీ డాక్టర్‌కి చెప్పావా, లేదా?"