అద్దాలు తీసినా కనబడే మనిషి

ప్రేమమ్మకు చిన్నప్పుడే రేచీకటి పట్టుకుంది. పెళ్ళినాటికి పగలు కూడా చీకటే. కడపలో నాపరాళ్ళు మోసే ఆనందం ఆమెను కోరి చేసుకున్నాడు. అంత కాపురంలోనూ మొగుడి మొహం ఆమె ఒక్కసారీ చూడలేదు, పాపం.

ఆయన పోయిన మరుసటేడు ఆసుపత్రివాళ్ళు ప్రయోగమని చెప్పి, కంటి లోపల చెడిన పొర మీద చిన్న చిప్పు అమర్చారు. కళ్ళద్దాలకున్న కెమెరా చూసినదాన్ని అది మెరిసే చుక్కలుగా చూపిస్తుంది. గుమ్మం, కిటికీ, మనిషి ఆకారం, అంతే. గుడ్డికన్నా మెల్ల నయమని ప్రేమమ్మ సంబరపడింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక మధ్యాహ్నం, కూతురు నిస్సీ బట్టలకొట్టులో పనికి పోయాక, ప్రేమమ్మ అద్దాలు తీసి చార్జింగుకు పెట్టింది. అద్దాలు తీస్తే చీకటే ఉండాలి. కానీ వాకిట్లో చుక్కల మనిషి నిలబడి ఉన్నాడు. కదలడు, పలకడు. మరునాడూ వచ్చాడు, ఇంకొంచెం దగ్గరగా.

డాక్టరు తేజేశ్వర్ ముందే చెప్పాడు. "అద్దాలు లేకుండా ఏమన్నా కనబడితే చెప్పమ్మా. చిప్పు ఆపేస్తాం." చెబితే ఆ మనిషీ పోతాడు. అది ఆనందమే అయితే? పోయినవాణ్ణి చేజేతులా ఇంకోసారి పంపడానికి ఆమెకు మనసు రాలేదు.

"ఏందమ్మా, అద్దాలు పెట్టుకోకుండా వాకిలి దిక్కు చూస్తాండావు?" అంది నిస్సీ ఒకరోజు.

"ఎండ ఎట్లుండాదో చూస్తాండాలే" అని తప్పించుకుంది.

తేల్చుకునే దారి ఒకటుంది. బండలు మోసి మోసి ఆనందం ఎడమ భుజం కుంగిపోయింది. రోజూ నూనె రాసిన ఆమె చేతులకు ఆ సంగతి కొట్టినపిండి. దగ్గరికొస్తే భుజాలు తెలుస్తాయి. అందుకే ప్రతి మధ్యాహ్నం గడప మీద కూర్చుని, ప్రార్థన చేసుకుంటూ ఎదురుచూసింది. దెయ్యమో భర్తో తెలియనిదాని కోసం ఎదురుచూడటమేమిటంటారా? మాట్లాడే దిక్కులేకుండా పగళ్ళు గడిపినవాళ్ళను అడగండి.

ఒక శుక్రవారం ఆ మనిషి గడప ముందుకే వచ్చాడు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి.

ప్రేమమ్మకు ఏడుపొచ్చింది. భయమూ వేసింది. అంతలో డాక్టరు దగ్గర్నుంచి ఫోను.

"ఏమన్నా కనబడుతోందా అమ్మా?"

ఆమె గడప ముందున్న చుక్కల మనిషి వైపు చూసింది.

"ఏం లేదు సార్. అంతా చీకటే."

ఫోను పెట్టేసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎవురివో ఏమో గానీ, ఎంతసేపని ఎండలో నిలబడతావప్పా? ఈడ నీడుండాది, కూసో."

ఆ మనిషి వచ్చి కూర్చున్నాడు.